కార్డు పోతే పోయేది మన శ్రమ

(డిజిటల్ స్కానర్లలో, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీనీ వెతుకుతూ అక్కడి రేడియో మాటలను వినిపించే పరికరాల్లో, ఉండే మెమరీ కార్డుల గురించి హైదరాబాద్‌లో లైసెన్సుతో అభిరుచిగా రేడియో నడిపే హ్యామ్ రేడియో మిత్రుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగమిది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ఇటు పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇది కొంచెం నిదానంగా చెప్పుకోవలసిన విషయం, కాబట్టి కూర్చుని వినండి.

డిజిటల్ స్కానరు కొన్నవారు నా దగ్గరికి వస్తే ఏమి అడుగుతారు? యాంటెన్నా ఏది మంచిది అని అడుగుతారు. ఏ కేబుల్ వాడాలి, మేడ మీద ఎంత ఎత్తున పెట్టాలి అని అడుగుతారు. అన్నీ అడగవలసిన ప్రశ్నలే. కానీ లోపల ఒక మెమరీ కార్డు ఉంది కదా, దాని సంగతేమిటి అని అడిగినవారు చాలా తక్కువ. 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందం. అంతే ఉంటుంది. ఆ కార్డు తీసేసి స్విచ్ వేసి చూడండి, ఇన్ని వేలు పోసి కొన్న స్కానరు తెర మీద లోపం ఉందనే సందేశం ఒకటి చూపించి ఊరుకుంటుంది.

పాత స్కానర్లు అలా కాదు. వాటిలో చానళ్లు లోపలి మెమరీలోనే ఉండేవి. వంద చానళ్లో, రెండు వందల చానళ్లో చేత్తో నొక్కి పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు మన చేతుల్లో ఎక్కువగా కనిపిస్తున్నవి ఏమిటి? యూనిడెన్ వారి ఎస్‌డీఎస్ 100, ఎస్‌డీఎస్ 200, వాటికి ముందు వచ్చిన 436, 536. ఇంకొందరి దగ్గర విస్లర్ వారి టీఆర్‌ఎక్స్ 1, టీఆర్‌ఎక్స్ 2 ఉన్నాయి. వీటన్నిటిలో సమాచారమంతా కార్డు మీదే. చానళ్ల పట్టిక కార్డు మీదే, మీరు మార్చుకున్న సెట్టింగులు కార్డు మీదే, రికార్డింగులు కార్డు మీదే. స్కానరును నడిపే ప్రోగ్రాము, అంటే ఫర్మ్‌వేర్, మార్చాలన్నా కొత్త ఫైలు ముందు కార్డు మీదికే వచ్చి, అక్కడినుంచి స్కానరులోకి వెళుతుంది.

ఇప్పుడు మనకు, అమెరికాలో ఉన్నవారికి తేడా ఎక్కడుందో చూడండి. ఈ స్కానర్లను తయారుచేసింది వాళ్ల కోసం. పెట్టెతో వచ్చే కార్డులో అమెరికా, కెనడా దేశాల ఫ్రీక్వెన్సీల పట్టిక నింపి ఉంటుంది. అక్కడివాడు తన ఊరి పోస్టల్ కోడు కొడితే చాలు, ఆ చుట్టుపక్కల ఉన్నవన్నీ వాటంతట అవే పలుకుతాయి. కార్డు పాడైతే? కొత్త కార్డు కొంటాడు, కంపెనీ సాఫ్ట్‌వేరుతో ఆ పట్టిక మళ్ళీ దింపుకుంటాడు. సాయంత్రానికి స్కానరు మామూలుగా పనిచేస్తుంది.

మనం 500001 అని కొడితే ఏమి వస్తుంది? ఏమీ రాదు. ఆ పట్టికలో మన ఊరే లేదు. మన హ్యాములకు కేటాయించిన వీహెచ్ఎఫ్ బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్, యూహెచ్ఎఫ్ 434 నుంచి 438. వీటిలో ఎక్కడ ఏ రిపీటరు (మన మాటను అందుకుని మళ్ళీ దూరానికి పంపే కేంద్రం) ఉందో, ఏ టోనుతో (గుర్తింపు ధ్వనితో) తెరుచుకుంటుందో మనమే రాసుకోవాలి. డీఎంఆర్ అనే డిజిటల్ పద్ధతి అయితే ఇంకా పని ఎక్కువ. రిపీటరు గుర్తింపు అంకె, అంటే కలర్ కోడు, 0 నుంచి 15 వరకు ఏదైనా కావచ్చు, ఒకే ఫ్రీక్వెన్సీని పంచుకునే టైమ్ స్లాటు రెండింటిలో ఏదైనా కావచ్చు, ఆ పైన టాక్‌గ్రూపులు, అంటే కలిసి మాట్లాడుకునే గుంపుల నంబర్లు. రాత్రిళ్లు కూర్చుని, విని, కాగితం మీద రాసుకుని, మళ్ళీ సరిచూసుకుని ఒక్కొక్కటీ ఎక్కించారు మీరు. ఆ జాబితా ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మీ కార్డు మీద ఉంది, అంతే. అమెరికావాడి కార్డు పోతే పోయేది కార్డు. మన కార్డు పోతే పోయేది మన శ్రమ. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇవాళ వచ్చాను, మిగతా అంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

రికార్డింగుల సంగతి కూడా అంతే. 145.800 మెగాహెర్ట్జ్ మీద అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వినేవారు ఇక్కడ ఎందరున్నారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు, సంతోషం. అది మన నెత్తి మీదినుంచి వెళ్లేది మహా అయితే 10 నిమిషాలు. లోపలినుంచి వ్యోమగామి బడిపిల్లలతో మాట్లాడుతున్నప్పుడు ఆ గొంతు మీ మేడ మీది యాంటెన్నాకు తగిలింది, స్కానరు రికార్డు చేసింది. తరువాత చూస్తే ఫైలు సున్నా బైట్లు. మళ్ళీ మాట్లాడమని ఎవరిని అడుగుతాం? 2004 డిసెంబరు సునామీ నాడు భారతి ప్రసాద్ గారి బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండి హ్యామ్ రేడియో మీద సందేశాలు పంపిన సంగతి మీకందరికీ తెలుసు. అలాంటి రోజు మనకూ రావచ్చు. ఆ రోజున బల్ల మీద స్కానరు రికార్డు చేస్తూ ఉంటే, ఎవరు ఏ సమయానికి ఏమి చెప్పారో తిరిగి వినడానికి ఆ కార్డు తప్ప మరొకటి ఉండదు.

సరే, కార్డు ఎందుకు పాడవుతుంది? ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే, రాసి రాసి అరిగిపోతుందని. ఇది ఎంతవరకు నిజమో లెక్క వేద్దాం. అంతకన్నా ముందు కార్డు లోపల ఏముందో రెండు మాటలు.

లోపల ఉన్నది నాండ్ ఫ్లాష్. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1987లో దీన్ని లోకానికి చూపించారు. చిన్న చిన్న గదుల్లో విద్యుత్ ఆవేశాన్ని బంధించి ఉంచడమే దీని పని. ఇప్పటి చవక కార్డుల్లో ఒక్కో గదిలో మూడు బిట్లు ఇరికిస్తారు, అంటే ఒకే గదిలో ఎనిమిది స్థాయులను గుర్తుపట్టాలి. కొంచెం ఆవేశం కారిపోతే ఒక స్థాయి ఇంకొక స్థాయిలా కనబడుతుంది. దీని స్వభావం ఇంకొకటి ఉంది. ఇందులో ఒక్క అక్షరాన్ని విడిగా చెరపడం కుదరదు. పలక మీద ఒక అక్షరం మార్చడానికి, పలక మీద ఉన్నదంతా ఇంకొక పలక మీదికి ఎక్కించి, మొదటి పలకను పూర్తిగా తుడిచినట్టు ఉంటుంది. ఈ ఎక్కించడం, తుడవడం చేసేది కార్డు లోపలే ఉన్న కంట్రోలరు అనే చిన్న చిప్పు. మీకు తెలియకుండా, మీ స్కానరుకు కూడా తెలియకుండా, మీరు ఎప్పుడో రాసిన పాత ఫైళ్లను అది ఒకచోటినుంచి ఇంకొకచోటికి మారుస్తూనే ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు లెక్క. మాటను సెకనుకు 8000 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్ల చొప్పున రాస్తే సెకనుకు 16 కిలోబైట్లు అవుతుంది. గంటకు దాదాపు 58 మెగాబైట్లు. రోజంతా ఒక్క క్షణం ఆగకుండా ఎవరో మాట్లాడుతూనే ఉన్నారనుకోండి, రోజుకు 1.4 గిగాబైట్లు కూడా నిండదు. 32 జీబీ కార్డు ఒకసారి నిండాలంటే ఆగకుండా 23 రోజులు మాట్లాడాలి. ఇప్పటి చవక రకం గదులు కూడా వెయ్యిసార్ల దాకా రాసి తుడవడాన్ని తట్టుకుంటాయని అంచనా. కంట్రోలరు లోలోపల మార్చడాల వల్ల మనం రాసినదానికి పదింతలు అరుగుదల ఉందనుకున్నా, ఆరేళ్ల పైమాటే. పైగా రోజంతా ఆగకుండా మాట్లాడే ఫ్రీక్వెన్సీ మన ఊళ్లో ఎక్కడుంది? కాబట్టి అరుగుదలకు భయపడి రికార్డింగు మానేసినవారు మళ్ళీ మొదలుపెట్టండి. కార్డును చంపే మొదటి శత్రువు అది కాదు.

మరి మొదటి శత్రువు ఎవరు? కరెంటు. రాస్తూ ఉండగా కరెంటు పోవడం.

ఇందాక చెప్పాను కదా, కంట్రోలరు పాత ఫైళ్లను మారుస్తూ ఉంటుందని. సరిగ్గా ఆ సమయంలో కరెంటు పోయిందనుకోండి. పాతచోట తుడిచేయడం మొదలైంది, కొత్తచోట రాయడం పూర్తికాలేదు. అప్పుడు పోయేది మీరు ఆ క్షణంలో రికార్డు చేస్తున్న ఫైలు ఒక్కటే కాదు. ఆర్నెల్ల క్రితం రాసి, మళ్ళీ ముట్టుకోని చానళ్ల జాబితా పోవచ్చు. అది ఒక్కటే కాదు, గదిలో మూడు బిట్లు ఇరికిస్తారని చెప్పాను. ఒక గదిలో మొదటి బిట్టు నిన్న రాశారు, రెండో బిట్టు ఇవాళ రాస్తున్నారు. రెండోది రాస్తుండగా కరెంటు పోతే, నిన్న భద్రంగా రాసిన మొదటిది కూడా చెడవచ్చు. "నేను ఆ ఫైలు జోలికే పోలేదు, అదెలా పోయింది?" అని చాలామంది నన్ను అడిగారు. ఇలా పోతుంది.

దీనికి తోడు ఫైళ్ల పట్టిక సమస్య ఒకటి. ఏ ఫైలు ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో రాసుకునే పట్టిక అది. కార్డు మీద ఫైళ్లను అమర్చే ఫ్యాట్ 32 అనే పద్ధతిలో దానికి రెండు నకళ్లు ఉంటాయి. స్కానరు రికార్డింగు ముగించినప్పుడే ఫైలు పొడవు ఎంతో అక్కడ రాస్తుంది. ముగించకముందే కరెంటు పోతే మాట కార్డు మీద ఉంటుంది, పట్టికలో పొడవు సున్నా అని ఉంటుంది. సున్నా బైట్ల ఫైలు వెనక కథ చాలాసార్లు ఇదే. స్కానరు రికార్డింగు మనం అనుకున్నట్టు ఒక పెద్ద ఫైలు కాదు, గుర్తుంచుకోండి. ఎవరైనా పీటీటీ, అంటే మాట్లాడే బటన్, నొక్కి వదిలిన ప్రతిసారీ ఒక చిన్న ఫైలు. మూడు సెకన్ల మాటకు ఒక ఫైలు, అయిదు సెకన్ల మాటకు ఇంకొకటి. ప్రతి చిన్న ఫైలుకూ పట్టిక రెండు నకళ్లలోనూ మార్పు, ఫోల్డరులో మార్పు. నెట్, అంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద హ్యాములు కలిసి మాట్లాడుకునే సమావేశం, జోరుగా నడుస్తున్నప్పుడు కార్డుకు ఊపిరి తీసుకునే సమయం ఉండదు. కరెంటు పోవడానికి అంతకన్నా చెడ్డ సమయం లేదు, మన ఊళ్లో గాలివాన వచ్చి నెట్ జోరుగా నడిచేదీ, కరెంటు ఫీడరు ట్రిప్ అయ్యేదీ ఒకేసారి.

ఇంట్లో ఇన్వర్టరు ఉంది కదా అంటారు. ఇన్వర్టరు మారడానికి క్షణంలో కొంత భాగం పడుతుంది. ఫ్యాను ఆ తేడా గమనించదు. సన్నని అడాప్టరుతో నడిచే స్కానరు గమనిస్తుంది, ఆగి మళ్ళీ మొదలవుతుంది. బల్ల మీద పెట్టుకునే స్కానరుకు నేను చెప్పేది ఒకటే మార్గం. 12 వోల్టుల సీల్డు బ్యాటరీ మీద నడపండి, దానికి చార్జరు ఎప్పుడూ తగిలించి ఉంచండి. మనలో చాలామంది మాటలు పంపి, అందుకునే ట్రాన్స్‌సీవరుకు ఈ ఏర్పాటు చేసుకునే ఉన్నారు. దానికే ఇంకొక ఫ్యూజు వేసి, ఇంకొక తీగ లాగితే సరిపోతుంది.

కారులో పెట్టుకున్నవారు ఇది జాగ్రత్తగా వినండి. తాళం సగం తిప్పగానే స్కానరుకు కరెంటు వస్తుంది, కార్డు చదవడం మొదలుపెడుతుంది. రెండు సెకన్లలో మీరు తాళం పూర్తిగా తిప్పి ఇంజను స్టార్ట్ చేస్తారు. స్టార్టరు మోటారు తిరిగేంతసేపు ఆ లైనుకు కరెంటు ఆపేస్తుంది కారు. చాలా కార్లలో ఇదే పద్ధతి. అంటే ఏమిటి? ప్రతి ఉదయం మీ స్కానరు కళ్లు తెరిచే సమయానికి మీరే దాని పీక నొక్కుతున్నారు. ఇంజను స్టార్ట్ అయ్యాక స్కానరు వేయండి. దిగేముందు స్కానరు ఆపి, తెర పూర్తిగా చీకటయ్యాక తాళం తీయండి. చేతిలో పట్టుకునే మోడల్ అయినా అంతే. ఆపే బటన్ నొక్కినప్పుడు అది అప్పటిదాకా మార్చిన సెట్టింగులు రాసుకుంటుంది. ఆ బటన్ నొక్కకుండా బ్యాటరీ లాగేయడం అలవాటుగా ఉన్నవారు ఆ అలవాటు ఇవాళే మానండి.

రెండో శత్రువు నకిలీ కార్డు. పైన 64 అని అచ్చు వేసి ఉంటుంది, కంప్యూటర్‌కు పెడితే 64 అనే చూపిస్తుంది, లోపల ఉన్నది 8. కంట్రోలరుకు అబద్ధం చెప్పడం నేర్పిస్తారు. మొదటి 8 జీబీ నిండేదాకా అంతా సవ్యంగా ఉంటుంది. ఆ తరువాత రాసినది గాలిలో కలిసిపోతుంది, లేదా తిరిగి మొదటికి వచ్చి పాత ఫైళ్ల మీదే పడుతుంది. మనకు తెలిసేది ఎప్పుడు? నెలల తరువాత. అప్పటికి బిల్లు ఉండదు, దుకాణదారుకు మీరు గుర్తుండరు.

కోఠీలో కొన్నా, సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఫోనులో ఆర్డరు చేసినా నేను చేసే పని ఒకటే. కొత్త కార్డును స్కానరులో పెట్టకముందే పూర్తిగా నింపి, తిరిగి చదివి చూస్తాను. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాము ఉంది, లినక్స్ వాడేవారికి ఎఫ్3 ఉంది. రెండూ ఉచితమే. కార్డు నిండా తెలిసిన అంకెలు రాసి, అవే అంకెలు తిరిగి వస్తున్నాయా అని చూస్తాయి. సెకనుకు 10 మెగాబైట్ల వేగంతో రాస్తే 32 జీబీకి గంటకు కొంచెం తక్కువ పడుతుంది, చదవడానికి మరికొంత. ఆ సమయం పెట్టండి. ఖాళీ కార్డు మీదే చేయండి, సమాచారం ఉన్న కార్డు మీద ఈ పరీక్ష చేయకండి.

ఇక్కడ ముందు వరుసలో ఒకరు అడుగుతున్నారు, ఎంత పెద్ద కార్డు కొనాలని. మంచి ప్రశ్న. 32 జీబీ దాటకండి. 32 వరకు ఎస్‌డీహెచ్‌సీ రకం, ఫ్యాట్ 32 పద్ధతిలో ఉంటుంది. ఆ పైది ఎస్‌డీఎక్స్‌సీ, అది వేరే పద్ధతి, ఎక్స్‌ఫ్యాట్. మన స్కానర్లు మొదటిదాని కోసం తయారైనవి. 64 జీబీ కార్డును బలవంతంగా ఫ్యాట్ 32లోకి మార్చి నడుపుతున్నవారు ఉన్నారు, నడుస్తుంది కూడా. కానీ ఎందుకు? 32 జీబీలోనే 550 గంటల మాట పడుతుంది. అంత పెద్ద కార్డు వల్ల జరిగేది ఒకటే, రికార్డింగులు కంప్యూటర్‌కు ఎక్కించుకోవడం మనం ఇంకా వాయిదా వేస్తాం. పోయినప్పుడు ఇంకా ఎక్కువ పోతుంది. వేగం గురించి కూడా డబ్బు పెట్టకండి. క్లాస్ 10 అంటే సెకనుకు కనీసం 10 మెగాబైట్లు, మనకు కావలసింది 16 కిలోబైట్లు. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే సీసీ కెమెరాల కోసం, కారు కెమెరాల కోసం తయారుచేసే ఎండ్యూరెన్స్ రకం తీసుకోండి. అవి ఎడతెగని రాతకు, వేడికి తట్టుకునేలా చేసినవి.

వేడి అన్నాను కాబట్టి ఒక మాట. మే నెలలో ఎండలో నిలిపిన కారులో డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టగలమా? కార్డు పని చేయడం మానదు, 85 డిగ్రీల వరకు పనిచేస్తుందని చాలా కార్డుల మీద హామీ ఉంటుంది. అయితే వేడి పెరిగేకొద్దీ గదుల్లోని ఆవేశం త్వరగా కారుతుంది. కారు దిగేటప్పుడు స్కానరు వెంట తీసుకెళ్లండి. అలాగే కార్డును సొరుగులో పెట్టి, ఏళ్ల తరువాత తీసి వినవచ్చు అనుకోకండి. దాచుకోవలసిన రికార్డింగు హార్డు డిస్కులో ఉండాలి.

కార్డు చివరి దశకు వచ్చిందని ఎలా తెలుస్తుంది? స్కానరు మొదలవడానికి మునుపటి కన్నా ఎక్కువసేపు తీసుకుంటుంది. రికార్డింగు మధ్యలో ముక్కలు ఎగిరిపోతాయి. ఇంకొక విచిత్రం ఉంది. ఫైళ్లన్నీ చెరిపేస్తారు, కార్డు తీసి మళ్ళీ పెడితే అన్నీ అలాగే ఉంటాయి. ఫార్మాట్ చేస్తే అయిపోయిందని చెబుతుంది, మళ్ళీ పెడితే పాత ఫైళ్లు ప్రత్యక్షం. అంటే మంచి గదులు అయిపోయాయి, ఇక రాయనివ్వనని కంట్రోలరు తాళం వేసుకుంది. ఒక విధంగా అది మీకు మేలు చేసింది, ఉన్నదంతా చదువుకోనిస్తోంది. వెంటనే నకలు తీసుకోండి, దాన్ని బాగుచేయాలని చూడకండి.

కంప్యూటర్‌కు పెట్టినప్పుడు "ఈ డ్రైవులో లోపం ఉంది, సరిచేయమంటారా" అని విండోస్ అడుగుతుంది. అవును అని నొక్కకండి. ముందు ఫోల్డరు మొత్తం హార్డు డిస్కులోకి లాగండి, తరువాతే నొక్కండి. సరిచేయడం అంటే దానికి అర్థంకాని ముక్కలను తీసి పక్కన పడేయడం కూడా కావచ్చు. ఆ ముక్కల్లో మీ జాబితా ఉండవచ్చు.

నకలు తీయడం కష్టమేమీ కాదు. కార్డు మీద ఉన్న ఫోల్డరు మొత్తం, ఒక్క ఫైలు వదలకుండా, తేదీ పేరు పెట్టిన కొత్త ఫోల్డరులోకి. చిన్న ఫైలు కదా, దీనితో ఏమి పని అని ఏదీ వదలకండి, స్కానరు ఏ మోడలో చెప్పే ఫైలు కూడా అలాంటి చిన్న ఫైలే. పాత నకలు మీద కొత్తది రాయకండి, పక్కన పెట్టండి. జాబితాలో ఒక్క చానల్ మార్చినా ఆ రాత్రే ఇంకొక నకలు. కార్డు లాగేముందు కంప్యూటర్‌లో ఎజెక్ట్ నొక్కడం మరవకండి. ఆ పైన రెండో కార్డు ఒకటి కొని, పరీక్షించి, అదే ఫోల్డరు దాని మీదికి ఎక్కించి, స్కానరులో పెట్టి ఒకసారి నడిపి చూడండి. నడిపి చూడని నకలును నేను నకలుగా లెక్కపెట్టను.

టీ ఇస్తున్నారు. వెనక బల్ల మీద ల్యాప్‌టాప్, రెండు కార్డు రీడర్లు పెట్టాను, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 రెండూ అందులో ఉన్నాయి. స్కానరు వెంట తెచ్చుకున్నవారు బటన్ నొక్కి ఆపి, తెర చీకటయ్యాక కార్డు తీసి ఇటు రండి. ముందు మీ జాబితా నకలు తీసి మీ పెన్‌డ్రైవులోనే పెట్టి ఇస్తాను, ఆ తరువాత ఖాళీ కార్డు తెచ్చినవారికి పరీక్ష మొదలుపెడదాం. గంట పడుతుంది, ఈలోపు మీ ప్రశ్నలు అడగండి.